జప్తు దుంగ

మన్ననూరు డిపోల
మూడో వరుస చివర, కంచె పక్కన
పదకొండేండ్లుగా పండుకొని ఉన్నది
ఒక నల్లమద్ది దుంగ.
తల మీద సుత్తి ముద్ర, ఎర్ర రంగుతో కేసు నంబరు.
నేను దాని కావలిని.
దొంగల నుంచి కాపాడమన్నరు, కాపాడిన.
వానను ఆపమని ఎవరూ రాసియ్యలేదు.

నాలుగో వానకాలం
బెరడు సందున తెల్లటి పోగు కనబడ్డది.
సాలెగూడనుకొని చీపురుతో ఊడ్చిన.
తెల్లారికి మళ్లీ ఉన్నది, ఇంకో జానెడు సాగి.
ఏడో ఏట దుంగకు చెవులు మొలిచినయ్.
బూడిద రంగువి, అంచున గోధుమ చార.
నేను మాత్రం వాటితో ఏమీ మాట్లాడలేదు.

అచ్చంపేట కాలేజీ నుంచి
మెహరున్నీసా మేడం పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చింది.
భూతద్దంల తను చూసి, నన్నూ చూడమన్నది.
కట్టెల పీచు ఉంటుందట, పీచును పట్టుకొని లిగ్నిన్ ఉంటుందట.
గడ్డి వంగుతది, మద్ది వంగదు.
ఆ వంగకపోవడం పేరే లిగ్నిన్, అన్నది.
లోకంల దాన్ని విప్పగలిగినోళ్లు చానా తక్కువ.

ఎందుకు మేడం?

తాళానికి ఒక తీరుంటే చెవి చెయ్యొచ్చు గద అన్నా,
దీనికి తీరే లేదు.
ఎక్కడి ముడి అక్కడిది,
పక్క ముడికి సాటి రాదు.
అందుకే ఈ బూజు చెవి చెయ్యదు, నిప్పు చేస్తది.
పొగ లేని నిప్పు, తడిలనే అంటుకునేది.
మాంగనీసు రవ్వంత,
పుండు కడిగితే నురగొచ్చే మందు రవ్వంత.
ముడి దిక్కు విసిరి ఊకుంటది.
తగిలిన కాడ తెగుతది.

తెంపి తింటదా?

తినదు. దాంట్ల కడుపు నిండేదేం లేదు.
వెనక దాగిన పీచు కోసం
ముందు ఇంత ఖర్చు.

కుర్మయ్య యాదికొచ్చిండు నాకు.
బండి వానిది, దుంగ ఎవరిదో వానికి తెల్వదు.
కిరాయి నూట యాభై.
ఆ నూట యాభైకి
పదర నుంచి వాయిదా వాయిదాకు బస్సు,
వకీలుకు ఒక ఎద్దు,
జామీనుకు రెండోది.

మొన్న సోమవారం
జప్తు సొత్తు హాజరు పెట్టమని కోర్టు కాగితం.
ట్రాక్టరు తెచ్చినం. నలుగురం, మోకులు, గడ్డపారలు.
ఒక కొస లేపబోయి
నేను వెనక్కి పడ్డ.
బరువే లేదు.
చెయ్యి పెట్టిన కాడ పాయలు పాయలుగా విడిపోయింది,
తెల్లగ, చెమ్మగ, ఏకిన పత్తి లెక్క.
పక్క వరుసల టేకుకు పై తెలుపే పోయింది,
చేవ అట్లనే ఉన్నది.
నల్లమద్దికి నలుపే పోయింది.

ముద్ర పడ్డ బిళ్ల ఒక్కటి
ఎర్ర పెచ్చుతో నా అరచేతిలోకి వచ్చింది.

పంచనామాల పొడుగుకు ఒక గడి, చుట్టుకొలతకు ఒక గడి.
రేంజరు సారు కలం మూత తీసిండు, పెట్టిండు,
మళ్లీ తీసిండు.
పాత కొలతలే ఎక్కియ్యి, అన్నడు.

గోనెసంచిల నింపుకొని పోయినం.
కోర్టు మెట్ల మీద కుర్మయ్య
సంచిల చెయ్యి పెట్టి పిడికెడు తీసిండు.
ఘాటు ఎక్కంగ ఎలపటెద్దు
మోకాళ్ల మీద కూలబడ్డది సారూ దీని బరువుకు,
ఇదేనా, అన్నడు.
ముక్కు కాడ పెట్టుకున్నడు.
లోపల్నుంచి వాని పేరు పిలిచిన్రు.
రెండోసారి పిలిచిన్రు.
పిడికిలి విప్పకుండనే
మెట్లెక్కి పోయిండు.